తిరుపతి చెట్ల చెత్త: కొమ్మది ఒక దారి, ఆకుది ఒక దారి, పువ్వుది ఇంకో దారి

తుఫాన్ల కాలం ముందు కరెంటు వాళ్లు లైన్ క్లియరెన్స్ కోసం వీధిలోకి వస్తారు. పొద్దున కరెంటు తీసేస్తారు, సాయంత్రానికి తీగలకు తగిలే కొమ్మలన్నీ రోడ్డు మీద పడుంటాయి. ఈమధ్య తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి వంతు వచ్చింది. రెండు కానుగలు, ఒక వేప, ఒక తురాయి. తొలి గంటలోనే మేకలున్న ఆయన వచ్చి వేప మండలు కట్ట కట్టుకుని పోయాడు. మణికట్టు కంటే లావు కట్టెలను టీ అంగడి వాళ్లు తీసుకున్నారు. మిగిలిన సన్న కొమ్మలూ ఆకూ నాలుగు రోజులు కాలువ పక్కన ఎండాయి. ఐదో రోజు తెల్లవారుజామున ఎవరో అగ్గిపుల్ల గీసి వేశారు. సగం పచ్చి, సగం ఎండు కదా, మండలేదు. మధ్యాహ్నం దాకా పొగే. ఎదురింటి పెద్దావిడ ఆ రోజంతా కిటికీలు మూసుకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం కాలనీ గ్రూపులో చర్చ మొదలైంది. ఒకరు "ఎరువు చేస్తే పోయేది కదా" అన్నారు. ఇంకొకరు "మల్చింగ్ చెయ్యాలి, విదేశాల్లో అదే చేస్తారు" అన్నారు. "ముక్కలు చేసే మిషన్ ఒకటి కొంటే చాలు", "బయోగ్యాస్ ప్లాంటుకు పంపొచ్చు" అని మరో ఇద్దరు. నాలుగూ మంచి మాటలే. కానీ అందరూ ఒకే కుప్ప గురించి మాట్లాడుతున్నామనుకుంటూ నాలుగు వేరువేరు వస్తువుల గురించి మాట్లాడారు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే కాబట్టి అక్కణ్నించే మొదలుపెడతాను.

తడి చెత్తా, పొడి చెత్తా?

ఇంటికొచ్చే చెత్త బండికి రెండు రకాలు తెలుసు, తడి, పొడి. ఎండుటాకు దేంట్లో వెయ్యాలి? కుళ్లేదే కాబట్టి తడి చెత్తే అంటాం. చూస్తే ఎండిపోయి ఉంటుంది, బుట్టలో వేస్తే మూత పడదు. బండి ఆయన "ఇది మాది కాదమ్మా" అంటాడు. ఆయన మాటలో తప్పు లేదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట చెత్తను వేరే రకంగానే చూశాయి. ఇంటివాళ్లు దాన్ని తమ ఆవరణలోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు ఇవ్వాలన్నాయి. పార్కుల్లో, తోటల్లో వచ్చిందాన్ని స్థానిక సంస్థ విడిగా పోగుచేసి, వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే ఎరువు చెయ్యాలన్నాయి. వీధిలో తగలబెట్టడం, పూడ్చడం రెండూ కుదరవన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అంది.

మన వైపు ఇల్లూ వాకిలీ ఊడ్చగా వచ్చేదాన్ని కసువు అంటాం. ఆ ఒక్క మాట కిందే ఆకు, మట్టి, పుల్ల, కాగితం అన్నీ వచ్చేస్తాయి. ఎరువు చెయ్యాలనుకున్న రోజున మాత్రం ఈ కసువును విడదీసి చూడక తప్పదు.

లేత ఆకు, కోసిన గడ్డి, కూరగాయల తొక్కు ఒక రకం. వీటిలో నీళ్లూ నత్రజనీ ఎక్కువ, వారంలో కుళ్లుతాయి. రాలిన ఎండుటాకు రెండో రకం. చెట్టు ఆకును రాల్చేముందు అందులోని నత్రజనిలో చాలా భాగాన్ని వెనక్కి లాక్కుంటుంది కాబట్టి మిగిలేది ఎక్కువగా కర్బనమే. కొమ్మలు, పుల్లలు మూడో రకం. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను బాగా తినగలిగేవి కొన్ని జాతుల బూజులే, వాటికి గాలి కావాలి. బయోగ్యాస్ ట్యాంకులో గాలి ఉండదు. అందుకే అందులో కూరగాయలు, అన్నం గ్యాసుగా మారతాయి గానీ తురాయి కొమ్మ వేస్తే కొమ్మగానే మిగిలి పైపులకు అడ్డం పడుతుంది. గ్రూపులో వచ్చిన బయోగ్యాస్ ఆలోచన వంటింటి చెత్తకు బాగుంటుంది, మా వీధి కుప్పకు పనికిరాదు.

నాలుగో రకం గుడి పూలు. తిరుపతిలో వాటి గురించి విడిగా చెప్పుకోవాలి.

మల్చింగ్ అంటే మన రైతుకు గుర్తొచ్చేది ప్లాస్టిక్ షీటు

మదనపల్లె వైపు టమాటా రైతును "మల్చింగ్ వేశావా అన్నా?" అని అడిగితే ఆయనకు కనబడేది ఒక వైపు నలుపు, ఒక వైపు వెండిరంగు ఉన్న ప్లాస్టిక్ షీటు. బోదె మీద పరిచి, చిల్లులు పెట్టి, నారు నాటుతారు. ఆ మాట మన దగ్గరికి ఆ షీటుతోనే వచ్చింది. నగరాల్లో చెట్ల చెత్త గురించి మాట్లాడేటప్పుడు మల్చింగ్ అంటే నేల మీద ఆకు, గడ్డి, కొమ్మ ముక్కలు పరచడం. దీనికి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు వాడే మాట ఆచ్ఛాదన. జీవామృతం, బీజామృతం పక్కన ఇదీ ఒక ముఖ్యమైన పని. ఆ పేరు తెలియకుండానే చెరకు కొట్టాక ఆకును కాల్చకుండా సాళ్లలో కప్పే రైతు చేసేదీ ఇదే.

ఆచ్ఛాదనలో పదార్థం నేలలో కలవదు, నేల మీద ఉంటుంది. కుళ్లాలని తొందర లేదు, నెమ్మదిగా కుళ్లితేనే మేలు. ఆ కొన్ని నెలలూ అది ఎండ నేలకు తగలకుండా అడ్డుకుంటుంది, చెమ్మ ఆవిరి కాకుండా ఆపుతుంది, కలుపు గింజకు వెలుతురు అందనివ్వదు. మన ఎర్ర నేలలకు ఇంకో లాభం ఉంది. గట్టి వాన పడితే చినుకు దెబ్బకు పైమట్టి మెత్తబడి, ఎండగానే పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఆ పెచ్చు మీద జారి కాలువలోకి పోతుంది. మూడు నాలుగు అంగుళాల కొమ్మ ముక్కల మీద పడిన చినుకు పగిలి, మెల్లగా కిందికి దిగుతుంది.

దీని మీద వచ్చే అభ్యంతరాలు కొన్ని వాస్తవమే. మొదటిది చెదలు. ఎర్ర నేల, ఎండిన పుల్ల, ఆ రెండూ ఉన్నచోట చెద వస్తుంది. ఆచ్ఛాదన వేస్తే మొక్కను చెద తినేస్తుందని రైతులు భయపడటానికి కారణం వాళ్ల అనుభవమే. చెద ముఖ్యంగా తినేది చచ్చిన కట్టెను. ఎదిగిన చెట్టుకు సాధారణంగా ముప్పు తక్కువ, నీళ్లందక నీరసపడిన లేత మొక్కకు ఎక్కువ. అందుకే తోటపని తెలిసినవాళ్లు ముక్కలను మొదలుకు ఆనించరు, జానెడు ఖాళీ వదులుతారు. మొదలు చుట్టూ గుట్టగా పోస్తే చెద కంటే ముందు బెరడు కుళ్లే ప్రమాదమూ ఉంది.

రెండోది, ఆచ్ఛాదన నేలలో నత్రజనిని లాగేస్తుందన్న మాట. కట్టె పొట్టును మట్టిలో కలిపి దున్నితే అది నిజం. కర్బనం ఎక్కువగా దొరికిన సూక్ష్మజీవులు తమ పెరుగుదలకు కావలసిన నత్రజనిని మట్టిలోంచి తీసుకుంటాయి, పైరు పాలిపోతుంది. పైన పరిచి వదిలేస్తే ఆ పోటీ నేలకు ముక్కలు తగిలే పలచటి పొర వరకే. వేర్లు ఉండేది దానికంటే కింద.

మూడోది పాములు. అలిపిరి వైపు, కొండకు ఆనుకుని ఉన్న కాలనీల్లో ఈ భయం ఉండటం సహజం. నెలల తరబడి కదలని నడుమెత్తు ఆకు గుట్టలో ఎలుక చేరుతుంది, ఎలుక వెనక పాము వస్తుంది. మూడంగుళాల పరుపులో ఎలుక గూడు కట్టలేదు. చాలాసార్లు జనం వద్దనేది గుట్టను, ఆ కోపంలో పరుపునూ కలిపి తిడతారు.

కంపోస్టు: లోపల జరిగే వంట

ఆచ్ఛాదన ఆకును ఆకుగానే వాడుకుంటుంది. కంపోస్టులో ఆకు రూపమే పోవాలి. పాత పెంటదిబ్బకూ కంపోస్టుకూ తేడా మన చేతిలోనే ఉంది. దిబ్బలో వేసింది దానంతటది కుళ్లుతుంది, కంపోస్టులో ఏది ఎంత కలపాలో, ఎప్పుడు తిరగెయ్యాలో మనం చూసుకుంటాం. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే పని బాగా సాగుతుంది. తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి. గుప్పెట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఎండుటాకు 100 కిలోలు తీసుకుంటే అందులో కర్బనం 40 కిలోలు, నత్రజని 0.8 కిలో అనుకోండి. నిష్పత్తి 50కి ఒకటి. ఇది ఒక్కటే కుప్ప పోస్తే ఏడాదైనా ఆకులు ఆకుల్లాగే ఉంటాయి. కూరగాయల మార్కెట్టు చెత్త 100 కిలోల్లో 85 కిలోలు నీళ్లే. మిగిలిన పదిహేనులో కర్బనం 6 కిలోలు, నత్రజని 0.4 కిలో అనుకుందాం. నిష్పత్తి 15కి ఒకటి. ఇది ఒక్కటే పోస్తే రెండో రోజుకు నీళ్లు కారి, మూడో రోజుకు ముక్కు మూసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు 100 కిలోల ఆకుకు 200 కిలోల కూర చెత్త కలపండి. కర్బనం 40, 12 కలిసి 52 కిలోలు. నత్రజని 0.8, 0.8 కలిసి 1.6. భాగిస్తే 32 పైచిలుకు. తేమ చూస్తే, ఆకులో ఉన్న 10 కిలోలు, కూరలో ఉన్న 170 కిలోలు కలిపి మొత్తం 300 కిలోల్లో 180. అంటే సరిగ్గా 60 శాతం. విడివిడిగా రెండూ పనికిరానివే, కలిపితే దాదాపు కావలసిన కొలతకు వచ్చాయి.

తూకంలో ఒకటికి రెండు సరే, బుట్టలతో కొలిస్తే లెక్క తిరగబడుతుంది. ఎండుటాకు దూదిలా తేలిక, 100 కిలోలంటే పెద్ద కుప్ప. కాబట్టి మూడు బుట్టల ఆకుకు ఒక బుట్ట కూర చెత్త వస్తుంది. అపార్టుమెంట్లలో కంపోస్టు డబ్బాలు కంపు కొట్టాయని పక్కన పడేసిన సందర్భాల్లో నేను చూసినంతవరకు కారణం ఇదే. వంటింటి చెత్త రోజూ పడింది, ఆకు మాత్రం కింద వాచ్‌మన్ ఊడ్చి కాల్చేశాడు. డబ్బాకు కావలసిన మందు పది అడుగుల దూరంలో పొగైపోయింది.

కుప్ప సరిగ్గా కుదిరితే ఏమవుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. నడుమెత్తు కుప్ప, వేసి ఆరు రోజులైంది. ఆ కుప్ప దగ్గర పనిచేసే ఆమె ఒక ఇనుప కడ్డీని మధ్యలోకి గుచ్చి, కాసేపాగి తీసి, "పట్టుకో సార్" అంది. రెండు క్షణాలు కూడా పట్టుకోలేకపోయాను. పారతో పక్కన ఒక పొర విప్పితే తెల్లగా బూడిద చల్లినట్టు ఉంది. అది బూడిద కాదు, వేడిని ఇష్టపడే సూక్ష్మజీవుల పొర. ఆవిరి లేచింది. తొలివాన పడ్డ మట్టి వాసన, దాని వెనక కాస్త పుల్లటి వాసన. పుల్లగా ఉందంటే ఆ చోట గాలి తక్కువైందని, తిరగెయ్యాలని ఆమె చెప్పింది. థర్మామీటరు ఆమె దగ్గర లేదు, కడ్డీయే థర్మామీటరు.

ఆ వేడి 55 డిగ్రీలు దాటి నిలవడం ముఖ్యం. వయ్యారిభామ గింజలు, రోగకారక క్రిములు చచ్చేది ఆ వేడికే. బయట వరుసలుగా పోసే కుప్పలకు 15 రోజులు 55 డిగ్రీలు, ఈలోగా కనీసం 5 సార్లు తిరగెయ్యడం అనే కొలతను అమెరికాలో మురుగు బురద ఎరువు కోసం పెట్టారు. కంపోస్టు చేసేవాళ్లలో చాలామంది దాన్నే గుర్తు పెట్టుకుంటారు. కుప్ప బయటి అంచులకు ఎప్పుడూ ఆ వేడి అందదు, అందుకే తిరగెయ్యడం.

మన లెక్కలోని 300 కిలోల్లో చివరికి మిగిలేదెంత? నీళ్లు తీసేస్తే పొడి పదార్థం 120 కిలోలు. అందులో దాదాపు సగం సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి. మిగిలిన 60 కిలోలకు 25 శాతం తేమ కలిస్తే 80 కిలోల ఎరువు. మూడు టన్నులు పోస్తే ఒక టన్ను కూడా రాదని ముందే తెలిస్తే, "చెత్తంతా ఏమైంది, ఎరువు ఎవరైనా అమ్ముకున్నారా" అన్న అనుమానాలు తగ్గుతాయి.

మిషన్ కొంటే సరిపోతుందా

కొమ్మను కొమ్మగా ట్రాక్టరులో వేస్తే మనం మోసేది ఎక్కువగా గాలి. ముక్కలు చేస్తే పరిమాణం నాలుగోవంతుకు, కొన్నిసార్లు అంతకంటే తక్కువకు దిగుతుంది. ఎనిమిది ట్రిప్పులు రెండవుతాయి. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పటిలాంటి గడ్డు రోజుల్లో, చెట్లు కూలి రోడ్లు మూసుకుపోతే, ఈ తేడా ఎంతో పెద్దది. ముక్కలైన కొమ్మ కుళ్లడమూ సులువు, బూజుకు తినడానికి ఎక్కువ ముఖాలు దొరుకుతాయి. ఇంతవరకు మిషన్ వైపు వాదన గట్టిదే.

అయితే ఆ మిషన్ దేన్ని నములుతుందో కూడా చూడాలి. మన వీధి చెట్లకు ఫ్లెక్సీ కట్టిన బైండింగ్ వైరు ఉంటుంది, బోర్డు కొట్టిన మేకు ఉంటుంది, పోయిన పండక్కి చుట్టిన సీరియల్ లైట్ల తీగ ఉంటుంది. రోడ్డు మీదినుంచి ఎత్తిన కొమ్మతో ఇసుక వస్తుంది. ఇవన్నీ కత్తుల మీద పడతాయి. మొద్దుబారిన కత్తి కట్టెను కొయ్యదు, నలిపి పీచు చేస్తుంది, బెల్టు జారుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. కొబ్బరి మట్టలు, ఈతాకుల్లాంటి పీచు సరుకు రోలరుకు చుట్టుకుంటుంది. చుట్టుకున్నదాన్ని లాగడానికి మిషన్ ఆపకుండా చెయ్యి పెట్టే అలవాటు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మిషన్ ధరతోపాటు కత్తుల సానకు, ఆపరేటరుకు, చేతి తొడుగులకు, కళ్లద్దాలకు ఏటా డబ్బు పెట్టకపోతే అది రెండో ఏడాదికి షెడ్డులో తుప్పు పడుతుంది. కొనే రోజున ఫొటోలుంటాయి, కత్తి మార్చే రోజున ఎవరూ ఉండరు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో సంగతి. ఎండుటాకుకు మిషన్ అవసరమే లేదు. పొడిబారిన ఆకు మీద నాలుగుసార్లు నడిస్తే నలిగిపోతుంది. మా వీధి కుప్పలో మిషన్ అవసరమైంది వేలి లావు నుంచి మణికట్టు లావు వరకున్న కొమ్మలకే. అంతకంటే లావైనదాన్ని టీ అంగడి వాళ్లు ముందే తీసుకెళ్లారు.

గుడి పూలు

తిరుమలలో పూలన్నీ స్వామికే, కొండ మీద భక్తులు తలలో పెట్టుకోరు. స్వామి నిర్మాల్యాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఆలయంలోని పూలబావిలో వేసే ఆచారం ఉండేది. అంటే వాడిన పువ్వు కూడా కాలికింద పడకూడదన్న పట్టింపు ఇక్కడ చాలా పాతది. ఈ పట్టింపు వల్లే పూలను మామూలు చెత్త బండిలో కలపడానికి మనకు మనసొప్పదు. సాంకేతికంగా చూసినా కలపకపోవడమే మేలు. పువ్వులో తేమ ఎక్కువ, త్వరగా కుళ్లుతుంది, విడిగా ఉంటే శుభ్రమైన సరుకు.

2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం వాడిన పూలతో అగరబత్తులు తయారుచేయించి అమ్మకానికి తెచ్చింది. ఏడుకొండలకు గుర్తుగా ఏడు రకాలు. పువ్వుకు అది గౌరవమైన దారి. కానీ అగరబత్తికి పూలను ఏరాలి, ఆరబెట్టాలి, పొడి కొట్టాలి, మనుషులూ స్థలమూ కావాలి. వీధి చివర చిన్న గుడిలో రోజుకు ఒక బుట్ట పూలొస్తే వాటికి దగ్గరి దారి కంపోస్టే.

అక్కడ అడ్డు పడేది దారం. నారతో కట్టిన దండ దండగానే కుళ్లుతుంది. ఇప్పుడు వచ్చే దండల్లో ప్లాస్టిక్ దారం, జరీ, తళుకు బిళ్లలు ఉంటున్నాయి. పువ్వు నెలలో మట్టవుతుంది, ఆ దారం ఎరువులో తీగలు తీగలుగా మిగులుతుంది. మే నెలలో గంగజాతర సమయంలో గుట్టలుగా వచ్చే వేపాకు, వినాయక చవితి మర్నాటి పత్రి, ఆయుధ పూజకు వీధి వీధినా కట్టే అరటి పిలకలు, ఇవన్నీ దారం లేకుండా ఉంటే బంగారంలాంటి సరుకు. వేపాకు కుప్పను కుళ్లనివ్వదని ఒక మాట వినిపిస్తుంది. వేపాకు ఒక్కటే పోస్తే మెల్లగా సాగొచ్చు, మిగతావాటితో కలిస్తే అదీ కుళ్లుతుంది.

రైతు ఎందుకు కొనడు

"నగరం ఎరువు చేస్తుంది, చుట్టుపక్కల రైతులు వాడతారు" అనే వాక్యం ప్రతి పథకంలోనూ ఉంటుంది. రైతు వైపునుంచి ఒకసారి లెక్క చూడండి.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో ఉండాల్సిన కనీస నత్రజని 0.8 శాతం, అంటే టన్నుకు 8 కిలోలు. ఒక్క యూరియా బస్తాకు సమానమైన నత్రజని కోసం రెండున్నర టన్నులకు పైగా కంపోస్టు తోలాలి. అందులోనూ మొదటి పంటకు అందేది కొద్ది భాగమే, మిగతాది తర్వాతి ఏళ్లలో మెల్లగా విడుదలవుతుంది. బస్తాను బైకు వెనక వేసుకుని వెళ్లే రైతుకు ట్రాక్టరు బాడుగ, దించే కూలి, చల్లే కూలి కనబడతాయి. నత్రజని ఒక్కదాన్నే చూస్తే ఆయన లెక్కే సరైనది.

అదే రెండున్నర టన్నుల్లో యూరియా ఇవ్వలేనిది ఒకటుంది. నగర కంపోస్టులో సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం ఉండాలి. అంటే 300 కిలోల కర్బనం నేలకు చేరుతుంది. 0.5 శాతం కంటే తక్కువ కర్బనం ఉన్న నేలను భూసార పరీక్షలో తక్కువ కోవలో వేస్తారు. మన వేరుశనగ చేలు చాలావరకు ఆ కోవలోవే. నీళ్లు పట్టి ఉంచేది, వేసిన యూరియాను కొట్టుకుపోకుండా కాపాడేది ఆ కర్బనమే. కాకపోతే దాని ఫలితం కళ్లకు కనబడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కౌలుకు చేసే రైతు తనది కాని నేల మీద మూడేళ్ల తర్వాతి ఫలితం కోసం ఈ ఏడు ఖర్చు పెట్టడు. కౌలు లెక్కలోనే ఉన్న ఈ చిక్కును ఏ ఎరువు నాణ్యతా తీర్చలేదు.

ఈ ఖర్చు తేడాను కాస్త పూడ్చాలనే 2016లో కేంద్రం నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల మార్కెటింగ్ సాయం ప్రకటించింది. డబ్బు కంటే పెద్ద అడ్డంకి నమ్మకం. అన్ని చెత్తలూ కలిసిన కుప్పనుంచి తీసిన ఎరువులో గాజు పెంకు, షాంపూ సాచెట్ ముక్క, బ్యాటరీ నుంచి వచ్చిన భారలోహాలు ఉండొచ్చు. ఉత్తర్వులో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది. కానీ రైతు సీసాన్ని చూడలేడు, గాజు పెంకును అరికాలితో చూస్తాడు. ఒక్కసారి గుచ్చుకుంటే ఆ ఊళ్లో ఆ ఎరువు పేరు పోయినట్టే. చెట్ల చెత్తను మిగతా చెత్తకు దూరంగా ఉంచాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే. నగరం ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే శుభ్రమైన సరుకు అది.

మామిడి తోట లెక్క

కంపోస్టు కాకుండా కొమ్మ ముక్కలనే తోటలకు పంపితే? పాత చిత్తూరు జిల్లాలో మామిడికి కొదవ లేదు కాబట్టి ఈ ఆలోచన తరచుగా వస్తుంది.

పది మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఎకరాకు 40 చెట్లు. ఒక్కో చెట్టు పాదు మొదలునుంచి మీటరున్నర అనుకుంటే విస్తీర్ణం సుమారు 7 చదరపు మీటర్లు. 8 సెంటీమీటర్ల మందం పరిస్తే చెట్టుకు అర ఘనపు మీటరు పైచిలుకు, ఎకరాకు 22 ఘనపు మీటర్లు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్రాలీలో పట్టేది 3.4 ఘనపు మీటర్లు. ఎకరాకు ఏడు ట్రిప్పులు కావాలి. ఘనపు మీటరుకు 250 కిలోలు వేసుకుంటే ట్రిప్పుకు 850 కిలోలే. ట్రాలీ నిండుతుంది, బరువు మాత్రం ఉండదు.

నగరానికి ఐదారు కిలోమీటర్ల లోపున్న తోటకు ఇది కుదురుతుంది, పాకాల దాటాక బాడుగే సరుకును మింగేస్తుంది. పైగా నగరంలో కొమ్మలు ఎక్కువగా వచ్చేది వానల ముందు, తుఫాను తర్వాత. రైతుకు ఆచ్ఛాదన కావలసింది వానలు ఆగి చెమ్మ ఉన్నప్పుడు, ఎండలు ముదరకముందు. ఆ మధ్య నెలలు సరుకును నిల్వ ఉంచాలి. పెద్ద గుట్టగా ఉంచితే లోపల వేడెక్కుతుంది, ఎండాకాలంలో ఒక బీడీ చాలు అంటుకోవడానికి.

ఎవరి వాదన ఎంతవరకు నిలుస్తుంది

అన్నీ ఒక్కచోటికి చేర్చాలనేది ఒక వాదన. రేణిగుంట దారిలో తూకివాకంలో నగరపాలక సంస్థకు ఇప్పటికే చెత్త శుద్ధి కేంద్రం ఉంది. తూకం, యంత్రాలు, తిరగేసే మనుషులు అన్నీ అక్కడుంటే నాణ్యతను ఒకేచోట పరీక్షించవచ్చు, కాలనీల్లో కంపు గొడవ ఉండదు. కూరగాయల మార్కెట్టు చెత్త చేరే చోటికే ఆకు కూడా చేరితే పైన చూసిన ఒకటికి రెండు లెక్క సులువుగా కుదురుతుంది. ఇది బలమైన మాట.

ఎక్కడిదక్కడే అనేది రెండో వాదన. ఆకును మొయ్యడమే దండగ, పార్కు ఆకు పార్కు చెట్ల కింద, క్యాంపస్ ఆకు క్యాంపస్‌లో ఉండాలి. విశ్వవిద్యాలయాల ఆవరణలు, పెద్ద కార్యాలయాలు, సత్రాలు ఉన్న ఊళ్లో ఇదీ తేలిగ్గా తీసెయ్యదగ్గ మాట కాదు. ఖర్చు తక్కువ. కానీ దీనికి ప్రతిచోటా పట్టించుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి బదిలీ అయిన ఏడాదే ఎరువు గుంత చెత్తకుండీ అవుతుంది.

మూడోది ఇంధనం వాళ్ల వాదన. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో 5 శాతం జీవ ఇంధనం కలపాలని 2021లో కేంద్రం విధానం తెచ్చింది, కాబట్టి కొమ్మలను గుళికలుగా చేసి అమ్మితే డబ్బొస్తుంది కదా అంటారు. గట్టి కట్టెకు ఇది సబబే. కానీ ఆకుకు బూడిద ఎక్కువ, వీధి చెత్తకు ఇసుక ఎక్కువ, రెండూ బాయిలర్లకు నచ్చవు. పైగా నేలకు చేరాల్సిన కర్బనం పొగగొట్టంలోంచి పోతుంది. దీన్నీ వీధిలో కాల్చడాన్నీ ఒకే గాటన కట్టలేం. బాయిలరులో వేడి పనికొస్తుంది, పొగను వడగట్టే ఏర్పాటూ ఉంటుంది. మా వీధిలో ఆ రోజు రెండూ లేవు. నత్రజని, కర్బనం గాలిలో కలిశాయి, కాస్త పొటాష్ ఉన్న బూడిదను కాలువ తీసుకుపోయింది.

ఇవన్నీ విన్నాక నాకు తోచింది ఇది. ఆకు, గడ్డి ఉన్నచోటే ఉండాలి. కొమ్మ ముక్కలై దగ్గర్లోని చెట్ల పాదుల్లోకి, పార్కు దారుల్లోకి పోవాలి. కూరగాయలు, పూలు చేరే చోటికి వాటికి సరిపడా ఎండుటాకు మాత్రమే ప్రయాణం చెయ్యాలి. రైతుకు వెళ్లేది వీటిలో మిగిలినది, జల్లెడ పట్టినది. అన్నీ ఒక్కచోటా, ఎక్కడిదక్కడా అన్న తగువు ఈ వరుసలో చాలావరకు సద్దుమణుగుతుంది, ఎందుకంటే తగువు పడేవాళ్లు చెప్పేది వేరువేరు సరుకుల గురించి.

కరెంటు వాళ్లు నరికిన రోజునే ఒక గోనెసంచి కానుగ కొమ్మలు తెచ్చి, కత్తితో ముక్కలు కొట్టి, మా గేటు పక్క నందివర్ధనం పాదులో పరిచాను. నెలన్నర అయింది. నిన్న ఒక గుప్పెడు పక్కకు తీస్తే కింద మట్టి చెమ్మగా, నల్లగా ఉంది, ముక్కల అడుగున తెల్లటి బూజు దారాలు అల్లుకున్నాయి, రోకలిబండ పురుగొకటి చుట్టుకుని పడుకుంది. చంద్రగిరి దగ్గర మామిడి తోట ఉన్న మా బంధువుకు ఫోనులో ఈ సంగతి చెప్పి, ఇలాంటి ముక్కలు ట్రాక్టరుతో పంపితే వేసుకుంటావా మామా అని అడిగాను. "వేసుకుంటా" అన్నాడు. కాసేపాగి, "పైపైన చూసి దించుకునే పని లేదు, ట్రాలీ అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తా. గుట్కా కవరొక్కటి తగిలినా బండి తిప్పి పంపేస్తా" అన్నాడు.